ఎన్ని అడుగులు, ఎంతసేపు: నడకపై డెబ్భై ఏళ్ల పరిశోధన ఏం తేల్చింది?

షుగర్ ఉందనో, బీపీ పెరిగిందనో డాక్టర్ దగ్గరకు వెళ్లినవారికి మందుల చీటీతో పాటు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "రోజూ నడవండి." ఎంతసేపు నడవాలి, ఎంత వేగంగా నడవాలి, నడక ఒక్కటే సరిపోతుందా అని అడిగే తీరిక ఓపీ దగ్గర ఎవరికీ ఉండదు. బయటికొచ్చాక ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. చేతి గడియారం పదివేల అడుగులంటుంది. పార్కులో పరిచయమైన పెద్దాయన గంటకు తగ్గకూడదంటారు. జిమ్ కుర్రాడు నడకతో ఏమీ కాదు, బరువులెత్తాలంటాడు. ఇన్ని మాటల మధ్య ఏదీ తేలక చాలామంది అసలు మొదలే పెట్టరు.

అన్నిటికంటే పెద్ద నష్టం అదే. డెబ్భై ఏళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే రెండు సంగతులు తేటగా కనిపిస్తాయి. అందరికీ సరిపోయే ఒకే అంకె లేదు. ఏమీ చేయనివారు మొదలుపెట్టే తొలి పావుగంటకు దక్కే ఫలితం, ఇప్పటికే గంట నడిచేవారు అదనంగా నడిచే పావుగంటకు దక్కదు. మిగతా వివరాలన్నీ ఈ రెంటి చుట్టూ తిరిగేవే.

లండన్ బస్సుల్లో మొదలైన లెక్క

శరీరశ్రమ మంచిదని పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. దాన్ని మనుషుల చావుబతుకుల లెక్కల్లో చూపించింది మాత్రం జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో గుండెపోట్లు పెరుగుతుంటే కారణం వెతుకుతూ ఆయన లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది రికార్డులు తీశారు. డ్రైవరు, కండక్టరు ఒకే బస్సులో, ఒకే డిపో నుంచి, ఇంచుమించు ఒకే జీతంతో పనిచేసేవారు. డ్రైవరు షిఫ్టంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం గుండెజబ్బు కండక్టర్ల కంటే డ్రైవర్లలోనే ఎక్కువ. వచ్చినప్పుడు ప్రాణం మీదికి తెచ్చిందీ డ్రైవర్లకే ఎక్కువ. ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను, ఆఫీసులో కూర్చునే గుమాస్తాలను పోల్చినా అదే తేడా కనిపించింది.

మోరిస్ గొప్పదనం అక్కడితో ఆగకపోవడం. డ్రైవరు ఉద్యోగంలో చేరేవాళ్లే ముందునుంచీ లావుగా ఉండేవారేమో అని తన ఫలితాన్ని తానే అనుమానించారు. కంపెనీ యూనిఫాం కుట్టించిన కొలతల పుస్తకాలు తెప్పించి నడుము చుట్టుకొలతలు చూశారు. అనుమానం కొంతవరకు నిజమే. డ్రైవర్ల ప్యాంట్లు ముందే వెడల్పు. 1956లో ఆ సంగతిని కూడా దాచకుండా ప్రచురించారు. చురుగ్గా ఉన్నందుకు ఆరోగ్యమా, ఆరోగ్యంగా ఉన్నందుకు చురుకా అనే ఆ ప్రశ్న ఈ రంగాన్ని ఈరోజుకీ వదల్లేదు.

తర్వాతి తరంలో అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ హార్వర్డ్‌లో చదివి వెళ్లిన దాదాపు 17 వేలమంది పురుషులను ఏళ్ల తరబడి గమనించారు. నడక, మెట్లు, ఆటలు కలిపి వారానికి 2,000 కేలరీలకు పైగా ఖర్చుచేసేవారిలో మరణాలు పావువంతు నుంచి మూడోవంతు వరకు తక్కువని 1986లో తేల్చారు. నేటి సిఫార్సుల వెనకాల ఉన్న పునాదుల్లో ఇదొకటి.

పదివేల అడుగులు ఎక్కడివి?

చేతి గడియారాల్లో, ఫోన్లలో తిష్ఠవేసిన పదివేల అంకె ఏ పరిశోధనలోనూ పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. ఆ ఊపులో 1965లో యమసా అనే సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టి, దానికి పదివేల అడుగుల మీటరు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. గుండ్రటి అంకె కావడంతో జనం నోట నిలిచిపోయింది. దాన్ని నిజంగా పరీక్షించడానికి యాభై ఏళ్లు పట్టింది.

హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది అమెరికా మహిళలకు కొలత పరికరాలు తగిలించి, ఆ తర్వాత వారి ఆరోగ్యాన్ని గమనించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం దాదాపు ఆగిపోయింది. 2022లో 15 అధ్యయనాల్లోని 47 వేలమంది లెక్కలు కలిపి చూస్తే వయసును బట్టి తేడా తెలిసింది. అరవై దాటినవారికి 6,000 నుంచి 8,000 దగ్గర, అంతకంటే చిన్నవారికి 8,000 నుంచి 10,000 దగ్గర లాభం స్థిరపడింది.

2025లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన డింగ్ డింగ్ బృందం 57 అధ్యయనాలను సమీక్షించింది. రోజుకు 2,000 అడుగులు వేసేవారి కంటే 7,000 వేసేవారిలో మరణించే అవకాశం 47 శాతం, మతిమరుపు జబ్బు 38 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులు 25 శాతం, కుంగుబాటు లక్షణాలు 22 శాతం, షుగర్ 14 శాతం తక్కువగా కనిపించాయి. కాబట్టి పదివేలు చెడ్డ లక్ష్యమేమీ కాదు. అందుకోగలిగినవారు సంతోషంగా అందుకోవచ్చు. అది అందలేదని ఆరేడు వేలతో ఆగినవారు నిరుత్సాహపడనక్కర్లేదు.

ఈ అడుగుల్లో ఇంట్లో, ఆఫీసులో, బజారులో వేసేవి కూడా కలిసే ఉంటాయి. రోజువారీ తిరుగుడులోనే మూడు నాలుగు వేలు పడే మనిషి, నిమిషానికి వంద అడుగుల చొప్పున అరగంట నడిస్తే మరో మూడు వేలు చేరతాయి. అంటే ఏడువేలకు కావలసింది ఒక్క అరగంట గట్టి నడక.

నిమిషాల లెక్క

అడుగులు లెక్కపెట్టుకోలేనివారికి నిమిషాల లెక్క తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్ర శ్రమ చేయాలి. రెంటినీ కలిపి చేసినా సరే. ఓ మోస్తరు శ్రమ అంటే ఏమిటో తెలియడానికి పరికరం అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒక మాట చెప్పి ఊపిరి తీసుకోవలసి వస్తే అది తీవ్ర శ్రమ. ఆగి ఆగి కబుర్లు చెప్పుకుంటూ గంటసేపు పార్కు చుట్టూ తిరగడం మనసుకు ఎంతో మంచిది. గుండెకు కూడా ఫలితం కావాలంటే మధ్యలో ఒక ఇరవై నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా నడవాలి.

అదే సవరణలో ఒక పాత షరతును తీసేశారు. ఒక్కసారికి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వస్తుందని 2010 మార్గదర్శకాలు చెప్పేవి. ఇప్పుడు మెట్లెక్కిన రెండు నిమిషాలకూ, బస్సు కోసం గబగబా నడిచిన మూడు నిమిషాలకూ విలువ ఉంది. వ్యాయామమంటూ ఏమీ చేయకపోయినా రోజులో మూడుసార్లు ఒకటి రెండు నిమిషాల పాటు గట్టిగా శ్రమపడేవారిలో కూడా మరణాలు గణనీయంగా తక్కువని 2022లో బ్రిటన్ సమాచారంతో చేసిన అధ్యయనం చూపింది.

ఎంత చేస్తే ఎంత లాభమో తెలుసుకోవడానికి రెండు అధ్యయనాలు చాలు. తైవాన్‌లో నాలుగు లక్షలకు పైగా జనాన్ని గమనించి 2011లో వెలువరించిన ఫలితాల్లో, రోజుకు సగటున పావుగంట శ్రమ చేసేవారికి ఏమీ చేయనివారికంటే మరణాలు 14 శాతం తక్కువ, ఆయుర్దాయం మూడేళ్లు ఎక్కువ. 2015లో అమెరికా, ఐరోపాలకు చెందిన 6,61,137 మంది లెక్కల్లో మొదటి మెట్టు ఎంత ఎత్తో ఇంకా బాగా కనిపిస్తుంది. సిఫార్సు చేసినంత చేయకపోయినా కొద్దోగొప్పో చేసేవారికి 20 శాతం లాభం. సిఫార్సును అందుకుని, దానికి రెట్టింపు లోపు చేసేవారికి 31 శాతం. మూడు నుంచి ఐదు రెట్లు చేసేవారికి 39 శాతం. శ్రమ అన్ని రెట్లు పెరిగినా 31 నుంచి 39కి మించి పోలేదు. రోజుకు రెండు గంటలు నడవలేనందుకు బాధపడేవారు ఈ అంకెలు చూసి ఊరట పొందాలి. అసలే కదలనివారు ఇవే అంకెలు చూసి ఈరోజే లేవాలి.

మనకు కాస్త ఎక్కువ ఎందుకు?

ఈ అధ్యయనాల్లో చాలావరకు మనవాళ్ల మీద చేసినవి కావు. మన శరీరాల తీరు కొంత వేరు. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తి ఇద్దరికీ ఒక్కటే, 22.3. శరీరంలోని కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. మనవాళ్లకు షుగర్ తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్లమందికి షుగర్, మరో 13.6 కోట్లమందికి షుగర్ వచ్చే ముందు దశ ఉన్నాయని అంచనా వేసింది.

అందుకే భారతీయ వైద్య నిపుణులు 2012లో మనకోసం వేరే లెక్క సూచించారు. రోజుకు గంట: అందులో అరగంట నడక వంటి వ్యాయామం, పావుగంట పనిలో భాగంగా శ్రమ, పావుగంట కండరాలకు బలమిచ్చే కసరత్తు. గంట అనగానే భయపడనక్కర్లేదు, నడక అందులో సగమే.

నడక మనవాళ్లకు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు చెన్నైలోనే జవాబు దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ ముందు దశలో ఉన్న 531 మందిని నాలుగు గుంపులుగా విభజించింది. ఒక గుంపుకు మామూలు సలహా, ఒక గుంపుకు రోజూ అరగంట చురుకైన నడకతో పాటు తిండిలో మార్పులు, మూడో గుంపుకు మెట్‌ఫార్మిన్ మాత్ర, నాలుగో గుంపుకు రెండూ. మూడేళ్లకు మామూలు సలహా పొందిన గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో 39 శాతం మందికే వచ్చింది. మాత్ర గుంపు ఫలితం కూడా ఇంచుమించు అంతే. 2006లో వచ్చిన ఈ అధ్యయనం మన కుటుంబాలకు దారి చూపేది. అమ్మానాన్నలకు షుగర్ ఉన్న ముప్పై ఏళ్ల పిల్లలకు ఇంతకంటే మంచి కబురు ఇంకొకటి లేదు.

దీని వెనకాల ఉన్న పని తీరు తెలిస్తే నడకకు సరైన వేళ కూడా తెలుస్తుంది. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ ప్రమేయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. భోజనం చేశాక రక్తంలో చక్కెర పైకెక్కే సమయంలో కాళ్లకు పనిచెబితే ఆ ఎత్తు తగ్గుతుంది. షుగర్ ఉన్నవారి మీద న్యూజిలాండ్‌లో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, రోజులో ఎప్పుడో ఒకేసారి అరగంట నడిచినదానికంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం. రాత్రి అన్నం తినగానే టీవీ ముందు వాలిపోయే మన ఇళ్లలో మార్చుకోవలసిన మొదటి అలవాటు ఇదే. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు మాత్రం నడక పెంచేముందు డాక్టరుతో మాట్లాడి, జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో పెట్టుకోవాలి.

నడక చేయలేని పనులు

నడక మీద ప్రేమకొద్దీ దానికి లేని శక్తులు అంటగట్టకూడదు. మొదటిది బరువు. అరవై కిలోల మనిషి మూడు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. తిండి మారకుండా నడక ఒక్కదానితో పొట్ట తగ్గుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది. బరువు తగ్గకపోయినా షుగర్, బీపీ, నిద్ర, మనసు మెరుగవుతాయి కాబట్టి తూకం యంత్రం ముల్లు కదలలేదని నడక మానేయడం పెద్ద పొరపాటు.

రెండోది కండ. వయసు మీద పడేకొద్దీ కండరాలు కరుగుతుంటాయి. నడక దాన్ని ఆపదు. అందుకే వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలమిచ్చే కసరత్తు చేయాలని, అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి అరగంట నుంచి గంట బలం కసరత్తు చేసేవారిలో మరణాలు 10 నుంచి 17 శాతం తక్కువని 2022లో ఒక సమీక్ష తేల్చింది. దీనికి జిమ్ ఫీజు కట్టనక్కర్లేదు. మన తాలింఖానాల్లో తరతరాలుగా తీసిన దండీలు, బస్కీలు ఇవే. దండీ నేలమీద తీయలేనివారు గోడకు రెండు చేతులూ ఆన్చి తీయవచ్చు.

పెద్దవాళ్లకు ఇంకా సులువైనది ఉంది. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆన్చి, చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, ఆసరా లేకుండా నిలబడాలి. మళ్లీ నెమ్మదిగా, ధబీమని పడకుండా కూర్చోవాలి. మొదటిరోజు అయిదు, కొన్ని వారాలకు పది. తర్వాత వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడటం. బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగి, మంచానపడి లేవలేకపోయిన పెద్దవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. మోకాళ్ల నొప్పులున్నవారికి కూడా తొడ కండరం బలపడటమే మందు. కదలకుండా కూర్చుంటే ఆ కండరం ఇంకా తగ్గి నొప్పి పెరుగుతుంది.

కూర్చునేవారు, కాయకష్టం చేసేవారు

ఉదయం అరగంట నడిచి, ఆ తర్వాత పది గంటలు కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చునే జీవితం మాదాపూర్ నుంచి డాలస్ దాకా తెలుగువాళ్లకు మామూలైపోయింది. పదిలక్షల మందికి పైగా లెక్కలను కలిపి 2016లో లాన్సెట్‌లో ప్రచురించిన సమీక్ష, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు తొలగాలంటే రోజుకు 60 నుంచి 75 నిమిషాల శ్రమ కావాలంది. అంత వీలుకాకపోతే మధ్యమధ్యలో లేవడమే మార్గం. ఫోన్ వస్తే నిలబడి మాట్లాడటం, లిఫ్ట్ మాని మెట్లెక్కడం చిన్న పనుల్లా కనిపించినా లెక్కలోకి వస్తాయి.

వంగి వరినాట్లు వేసే కూలి తల్లికి, ఇటుకలు మోసే మేస్త్రీ సహాయకుడికి మాత్రం "ఇంకా నడవండి" అని చెప్పడం అన్యాయం. కోపెన్‌హాగన్‌లో లక్షమందికి పైగా జనం మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తే, ఉద్యోగంలో పడే భారీ శ్రమ అందుకు విరుద్ధంగా కనిపించింది. విశ్రాంతి లేకుండా గంటల తరబడి మోయడం, వంగడం వ్యాయామం కిందకు రావు. వారికి కావలసింది విరామం, సరైన తిండి, బీపీ పరీక్ష.

మన ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి అంచనాలో భారతీయ పెద్దల్లో దాదాపు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో 42 శాతం, మహిళల్లో 57 శాతం. పొద్దున్నే టిఫిను, బాక్సులు, పిల్లల స్కూలు అయ్యేసరికి నడక వేళ దాటిపోతుంది. సాయంత్రం వీధి దీపం లేని దారిలో వెళ్లడానికి భయం. ఇంటిపనిలో నడుం వంచి తుడవడం, నీళ్లు మోయడం లెక్కలోకి వస్తాయి గానీ, స్టవ్ ముందు నిలబడటం రాదు. ఇంట్లో ఒక మగమనిషి పొద్దున్న అరగంట వంటగది బాధ్యత తీసుకుంటే, ఆ ఇంట్లో రెండు గుండెలకు మేలు జరుగుతుంది.

అతి చేస్తే?

భయం ఉండవలసింది హఠాత్తుగా చేసే అతి శ్రమ విషయంలో. ఎప్పుడూ శ్రమపడనివారు ఒక్కసారిగా తీవ్రంగా శ్రమపడితే ఆ కాసేపట్లో గుండెపోటు అవకాశం వంద రెట్లు పెరిగిందని, వారానికి అయిదుసార్లు వ్యాయామం చేసేవారిలో అది రెండున్నర రెట్లు దాటలేదని 1993లో అమెరికా పరిశోధన చూపింది. ఏడాదంతా కుర్చీలో గడిపి, మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఒక్కపూటలో ఎక్కాలనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. రెండు నెలల ముందునుంచి రోజూ నడిచి, ఇంటి మెట్లు ఎక్కి దిగి, శరీరాన్ని సిద్ధం చేసుకోవాలి. నడుస్తుంటే ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి.

సాక్ష్యం ఎంత గట్టిది?

ఇక్కడ చెప్పిన అంకెల్లో ఎక్కువ భాగం జనాన్ని గమనించి తీసినవే. మోరిస్‌ను వేధించిన అనుమానం వీటికీ వర్తిస్తుంది. జబ్బుపడినవారు తక్కువ నడుస్తారు కాబట్టి ఏడువేల అడుగుల దగ్గర కనిపించిన 47 శాతమంతా నడక పుణ్యమే అనలేం. నార్వేలో డెబ్భై దాటిన 1,567 మందిని గుంపులుగా విడదీసి అయిదేళ్లు గమనిస్తే, పర్యవేక్షణలో వ్యాయామం చేసిన గుంపులకూ, మామూలు సలహా పొందిన గుంపుకూ మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మామూలు గుంపులోనివారూ చురుకైనవారే కావడం అందుకు ఒక కారణం.

మరోవైపు 2025లో వచ్చిన ఒక పరిశోధన ఎంతో ధైర్యమిచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ అయిన 889 మందిలో సగంమందికి మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు. అది ఇంచుమించు వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట నుంచి గంట చురుకైన నడకతో సమానం. ఎనిమిదేళ్లకు వారిలో 90 శాతం మంది బతికి ఉన్నారు. పుస్తకం మాత్రమే ఇచ్చిన రెండో గుంపులో 83 శాతం. లాటరీ వేసినట్టు గుంపులు చేసిన పరీక్ష కాబట్టి ఆ అనుమానానికి ఇక్కడ చోటు లేదు. దీనికి తోడు చెన్నై ఫలితం ఉంది. కాబట్టి అంకెల్లో కాస్త ఎచ్చుతగ్గులున్నా దిశ మీద సందేహం అక్కర్లేదు.

చివరికి తేలిన లెక్క

ఏమీ చేయనివారు రోజుకు పది నిమిషాలతో, రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టాలి. నెలా రెండు నెలల్లో అరగంటకు చేరాలి. అందులో సగమైనా పాట పాడలేనంత వేగం ఉండాలి. అడుగులు లెక్కపెట్టేవారికి ఏడువేలు మంచి గమ్యం. వారానికి రెండు రోజులు దండీలు, బస్కీలు లేదా కుర్చీ కసరత్తు. గంటకోసారి సీట్లోంచి లేవడం. పిల్లలకు రోజుకు సగటున గంట ఆట, చెమట పట్టేలా. ఒకరోజు తప్పితే మర్నాడు కొనసాగించడమే తప్ప, లెక్క మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు. వారం దినాల్లో వీలుకానివారు శని, ఆదివారాల్లో పూర్తిచేసినా ఫలితం దాదాపు అంతే.

ఇది మనిషి ఒక్కడి పట్టుదలతో అయ్యే పని కూడా కాదు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపితే ఎంతమంది నడకకు వస్తారో చూస్తూనే ఉన్నాం. ఆ వీలు ప్రతి పట్టణంలో, ప్రతి మండల కేంద్రంలో ఎందుకు ఉండకూడదు? పార్కింగ్‌కు, దుకాణాలకు పోయిన ఫుట్‌పాత్‌లు తిరిగి రావాలి. హైస్కూలు మైదానాలు ఉదయం, సాయంత్రం ఊరి ఆడవాళ్లకు తెరవాలి. ఆటస్థలం లేని ఇంటర్ కాలేజీకి అనుమతి ఇవ్వకూడదు. మున్సిపల్ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినవారిని కాలువ, కరెంటు గురించి అడిగినట్టే నడిచే దారి గురించి కూడా నిలదీయాలి. డాక్టర్ చెప్పిన "రోజూ నడవండి" అనే మాట నిజంగా మందులా పనిచేయాలంటే, అది దొరికే చోటు ప్రతి వీధిలోనూ ఉండాలి.